పాత తుపాకి, కొత్త కన్ను

ఒక వస్తువు నాదైనంత మాత్రాన దాన్ని నా ఇష్టం వచ్చినట్లు మార్చుకునే హక్కు నాకు వస్తుందా? చట్టాన్ని అడిగితే వస్తుందనే అంటుంది. ఆస్తికి కాపలా కాయడం చట్టం పని గనక అది అంతకంటె వేరే మాట చెప్పలేదు. నేను అడుగుతున్నది చట్టం సంగతి కాదు. డబ్బిచ్చి కొన్న వస్తువులో నేను కొననిది, ఎంత డబ్బిచ్చినా కొనడానికి వీలులేనిది ఏమైనా మిగిలి ఉంటుందా అన్నది నా ప్రశ్న. ఇంటి విషయంలోనూ పొలం విషయంలోనూ ఈ ప్రశ్న వాడివాడి మొద్దుబారింది. అందుచేత మన పత్రికల్లో సాధారణంగా కనబడని ఉదాహరణ ఒకటి తీసుకుంటున్నాను. పాత సైనిక రైఫిలుకు కొత్తరకం గురి అద్దం బిగించడం తప్పా, ఒప్పా?

ఇది నేను గాలిలోంచి పుట్టించిన ప్రశ్న కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో పాతికేళ్లుగా కాపురముంటున్న మా మేనబావ ఒక లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు కొన్నాడు. మన పోలీసుస్టేషన్లలో దశాబ్దాలపాటు గోడకు ఆనించి కనబడిన త్రీనాట్‌త్రీ అదే. బట్టు దగ్గర ఉక్కు మీద కిరీటం గుర్తు, దాని కింద ఇషాపూర్ అన్న పేరు, 1943 అన్న అంకె కొట్టి ఉన్నాయట. ఇంజనీరు గనక దానికి ఎర్రచుక్క గురిఅద్దం ఒకటి బిగిద్దామనుకున్నాడు. అక్కడ తుపాకుల సరదా ఉన్న మిత్రుల మధ్య పెద్ద రగడ లేచింది. అది పాపమన్నారు కొందరు, నీ తుపాకి నీ ఇష్టమన్నారు కొందరు. "ఇందులో ఇంత గొడవేమిట్రా, సుత్తికి పిడి మార్చుకుంటే ఎవరైనా అడుగుతారా?" అని నాకు రాశాడు.

ముందు ఆ పని ఏమిటో తెలుసుకోవాలి. పాత రైఫిలుతో గురి చూసేవాడు మూడింటిని ఒక వరసలో పెట్టుకోవాలి: తన ముఖానికి దగ్గరగా ఉన్న వెనకపలకలోని గాడి, గొట్టం చివరనున్న ములికి, దూరాన ఉన్న లక్ష్యం. మనిషి కన్ను ఏకకాలంలో ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకని ములికిని స్పష్టంగా చూడు, లక్ష్యం మసకబారినా ఫరవాలేదు అని సైనికులకు నేర్పారు. నలభై దాటి చత్వారం వచ్చినవాడికి వెనకగాడి కూడా అలికినట్లుంటుంది. దుర్భిణిగాని, ఎర్రచుక్క అద్దంగాని ఈ మూడింటినీ ఒకే తలంలోకి తెస్తాయి. ఎర్రచుక్క అద్దంలో చిన్న దీపపు వెలుగు వాలుగా ఉన్న గాజు మీద పడి వెనక్కు తిరిగి, ఎక్కడో దూరాన లక్ష్యం మీదనే ఉన్నట్లు కనబడుతుంది. కన్ను లక్ష్యాన్ని మాత్రం చూస్తే చాలు. (ఎర్రచుక్క అనగానే మనవాళ్లు సంబరపడనక్కరలేదు. ఈ ఊహకు డబ్లిన్ నగరంలో దుర్భిణులు చేసే హోవర్డ్ గ్రబ్ 1900లోనే పేటెంటు తీసుకున్నాడు. అంటే మా బావ "కొత్త" అద్దం వెనకనున్న ఆలోచన ఆయన "పాత" తుపాకి నమూనాకంటె ఏడేళ్లు పెద్దది.)

బిగించడానికి రెండు దారులున్నాయి. గొట్టం మీదున్న వెనకపలకను దాని మేకు తట్టి ఊడదీసి, ఆ స్థానంలో అద్దపు పీటను కూర్చోబెట్టడం ఒకటి. బోల్టు కదిలే ఉక్కు భాగాన్ని డ్రిల్లుతో తొలిచి, మరలు కోసి, పీటను శాశ్వతంగా బిగించడం రెండోది. మొదటిదాన్ని వెనక్కు తీసుకోవచ్చు. రెండోదాన్ని తీసుకోలేం.

ఇక రగడలోని రెండు పక్షాల సంగతి. తొలిచినవాణ్ణి తిట్టే సేకరణకారులు "చరిత్రను పాడుచేశారు" అంటారు. వారి మాటలు కొంచెం సేపు వింటే చరిత్ర వెంట ధర వస్తుంది. బెజ్జం పడిన తుపాకి విలువ సగానికి పడిపోయిందని వారి దుఃఖం. రెండో పక్షం, నేను కొన్నాను, నేను వాడతాను, నేను తొలుస్తాను అంటుంది. ఒకరు మారకపు విలువకు భక్తులు, ఇంకొకరు ఉపయోగపు విలువకు. వీరిద్దరూ శత్రువుల్లా కనబడతారుగాని వారి మధ్య మౌలికమైన ఏకాభిప్రాయం ఉన్నది. తుపాకి ఒక సరుకు, దాని గురించి మాట్లాడే అర్హత యజమానికో, కాబోయే యజమానికో మాత్రమే ఉన్నది. దాన్ని చేసినవాడికీ, మోసినవాడికీ, దాని ముందు నిలబడ్డవాడికీ ఈ చర్చలో చోటులేదు.

సరుకు చూపు ఎంతదూరం పోతుందో ఒక ప్రసిద్ధమైన తుపాకి చెబుతుంది. 1940లో ఇటలీలోని టెర్నీ కర్మాగారంలో ముసోలినీ సైన్యం కోసం ఒక కార్కానో రైఫిలు తయారైంది. యుద్ధం ముగిశాక అలాంటివి గుట్టలుగా అమెరికా చేరాయి. 1963 మార్చిలో షికాగోలోని ఒక క్రీడాసామగ్రి దుకాణం దానికి నాలుగింతలుగా చూపే జపాను దుర్భిణిని పక్కగా బిగించి, 19 డాలర్ల 95 సెంట్లకు, పోస్టు ఖర్చు అదనంగా, ఒక మారుపేరుకు పంపింది. దుర్భిణి లేకుండా అయితే 12 డాలర్ల చిల్లర. అంటే పాత తుపాకికి కొత్త కన్ను ఏడు డాలర్లు. ఆ మారుపేరు వెనకనున్నవాడు లీ హార్వీ ఓస్వాల్డ్. నవంబరు 22న డలాస్‌లో కెనెడీ హత్యకు వాడినది ఆ తుపాకే. ఆ తరువాత 1968లో అమెరికా ఒక చట్టం చేసి, పోస్టులో తుపాకులు అమ్మడాన్నీ, పాత సైనిక తుపాకుల దిగుమతినీ ఆపింది. దిగుమతి నిషేధాన్ని మళ్లీ సడలించడానికి ఇరవై ఏళ్లయినా పట్టలేదు. ఫాసిస్టు సైన్యపు ఆయుధం, జపాను గాజు, షికాగో మరమేకులు ఒక పొట్లంలో చేరినప్పుడు వాటి పుట్టుపూర్వోత్తరాలన్నీ మాసిపోయి ధరచీటీ ఒక్కటే మిగిలింది. సరుకు చేసే పనే అది.

మా బావ తుపాకిలో మాసిపోకూడనిది ఏమున్నది? 1943 అన్న అంకె ఉన్నది. ఇషాపూర్ బెంగాలులో, కలకత్తాకు ఉత్తరాన ఉన్న ఊరు. ఆ ఏడాది ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఏమి జరిగిందో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. లక్షలమంది తిండిలేక చచ్చిపోయారు. బియ్యం దొరకని ఆ బెంగాలులో ఉక్కు దొరికింది, వాల్‌నట్ దొరక్కపోతే మరో కలప దొరికింది, రోజూ రైఫిళ్లు తయారయ్యాయి. ఫలానా తుపాకి చేసిన కార్మికుడి ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. రాసి ఉన్నది ఆ ఉక్కు మీది అంకె మాత్రమే. మా బావ కొన్నది తుపాకిని. ఆ సంవత్సరాన్ని ఆయన కొనలేదు.

అంకె మీద ఎవరూ డ్రిల్లు పెట్టడంలేదు గదా, తీసేది గురిపలకనే గదా అని అడగవచ్చు. అక్కడికే వస్తున్నాను. తుపాకిలో అన్నిటికంటె ఎక్కువ మాట్లాడేది గురిపలకే. ఆ తుపాకి పట్టుకున్నవాడు ఎవరిని ఎలా చూడాలని పాలకులు నిర్ణయించారో అది చెబుతుంది.

1907 నాటి లీ-ఎన్‌ఫీల్డుకు మామూలు పలక గాక, కర్ర పక్కన ఇంకొక గురి ఉండేది. దానిమీద గీతలు 2,800 గజాల దాకా ఉండేవి. అంటే మైలున్నర పైమాటే. అంతదూరాన ఏ కన్నూ మనిషిని మనిషిగా చూడలేదు. చూడాలని దాని ఉద్దేశమూ కాదు. ఆఫీసరు దూరం చెబుతాడు, నలభై యాభైమంది ఒక్కసారిగా పేలుస్తారు, తూటాలు ఒక స్థలం మీద వానలా పడతాయి. ఆ స్థలంలో ఎవరున్నదీ సైనికుడు ఎరగనక్కరలేదు. అదే తుపాకిలో, తూటాల పెట్టెను మూసివుంచే చిన్న రేకు ఒకటి ఉండేది. దొర ఆజ్ఞ అయ్యేదాకా సైనికుడు ఒక్కొక్క తూటాయే పెట్టుకుని కాల్చాలి. వాడి చేతికి పెట్టెడు తూటాలూ ఇస్తే దుబారా చేస్తాడని పెద్దల అనుమానం. యుద్ధం మధ్యలో, 1916 నాటికి, ఈ రెంటినీ తీసేశారు. మా బావ దగ్గరున్నది అవి తీసేసిన నమూనా. అయినా దాని వెనకపలక మీద అంకెలు 2,000 గజాల దాకా పోతాయి. ఆ అంకెలను చదవగలిగినవాడికి అవి వర్గసంబంధాలను గురించిన వాక్యాలు.

మన దేశంలో ఈ కథ ఇంకా ముదిరింది. 1857లో ఎన్‌ఫీల్డు తూటా కొవ్వు సంగతి పిల్లలందరికీ పాఠంగా ఉన్నది. తిరుగుబాటు అణచిన తరువాత జరిగినది పాఠాల్లో ఉండదు. భారతీయ సిపాయిలకు ఇవ్వడానికి అదే తుపాకిని మార్చారు. గొట్టం లోపల తూటాకు మెలిక ఇచ్చే గాడులు లేకుండా నున్నగా చేశారు. దూరాన్నిబట్టి ఎత్తి దించుకునే వెనకపలకను తీసేసి, కదలని పలక పెట్టారు. తెల్ల సైనికుడి తుపాకికి దూరపు చూపు, నల్ల సైనికుడి తుపాకికి చత్వారం! తరువాత ఇరవయ్యో శతాబ్దంలో ఇషాపూర్‌లోనే .303 రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చారు. గొట్టం నున్నన చేసి, తూటాల పెట్టె ఉండవలసిన చోట కొయ్యముక్క దూర్చి, ఒక్కొక్క తూటాతో కాల్చేటట్లు చేసి జైళ్ల కాపలాదారులకూ పోలీసులకూ ఇచ్చారు. దగ్గర్లో ఉన్న నిరాయుధ జనం మీదికి అది చాలు. ఎవరైనా గుంజుకుపోతే వాడికి అట్టే పనికిరాదు. ఒక కొయ్యముక్కలో సామ్రాజ్యపు భయం ఎంతుందో చూడండి. ఆ కొయ్యముక్కను ఇవాళ ఎవరైనా "బాగుచేద్దామని" పీకి పారేస్తే అతడు తుపాకిని బాగుచేసినట్లా, సాక్షి నోరు నొక్కినట్లా?

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటున్నది. సైన్యాలే తమ తుపాకులకు దుర్భిణులు బిగించాయి గదా! నిజమే. 1942 నుంచి 1945 దాకా లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ, కర్మాగారంలో బాగా సూటిగా కాల్చిన లీ-ఎన్‌ఫీల్డులను ఏరి, ఇరవై వేలకు పైగా తుపాకులకు మూడింతలుగా చూపే దుర్భిణి, చెంప ఆనించుకునే కొయ్య బిగించింది. సోవియట్లు 1891 నాటి మోసిన్ రైఫిలు పక్కను తొలిచి మూడున్నర ఇంతల దుర్భిణి పెట్టి, చెయ్యి తగలకుండా బోల్టు పిడిని కిందికి వంచారు. మాస్కో దగ్గర 1943లో పెట్టిన స్త్రీల పాఠశాలలో ఈ తుపాకులతో వెయ్యిమందికి పైగా ఆడపిల్లలు శిక్షణ పొందారు. వారిలో రోజా షానినా అంతకుముందు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మ. ఇరవై ఏళ్లకే, 1945 జనవరిలో, తూర్పు ప్రష్యాలో చనిపోయింది. అలాగని కొత్త కన్ను ప్రతిచోటా మేలే అనుకోరాదు. 1939-40 శీతాకాల యుద్ధంలో ఫిన్లాండు వేటగాడు సీమో హైహా దుర్భిణి లేకుండా మామూలు గురితోనే వందలమంది సోవియట్ సైనికులను చంపాడు. దుర్భిణి ఉంటే తల ఎత్తవలసి వస్తుంది, గాజు మెరుస్తుంది. పరికరానికి పక్షం లేదు.

అయితే ఆ మార్పులకూ మా బావ తలపెట్టిన మార్పుకూ తేడా ఏమిటి? ఆ మార్పులు చరిత్రలో జరిగినవి, చరిత్రచేత జరిగినవి. యుద్ధం అయ్యాక సోవియట్ ఆయుధశాలలు చాలా మోసిన్ల నుంచి దుర్భిణులు ఊడదీసి, బెజ్జాలను పూడ్చి, మామూలు సైనికులకు తిరిగి ఇచ్చాయి. పూడ్చిన ఆ బెజ్జాల గుర్తులు ఇవాళ్టికీ కనబడతాయి. ఒక అవసరం ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు తీరిందో అవి చెబుతాయి. ఆ పక్కనే ఒక సరదారాయుడు కొత్తగా బెజ్జాలు వేశాడనుకోండి. రేపు చూసేవాడికి ఏది యుద్ధపు గాయమో, ఏది ఆదివారపు కాలక్షేపమో తెలియదు. తప్పు మార్చడంలో లేదు, రెండు గాయాలనూ ఒకటిగా కలిపేయడంలో ఉన్నది.

దుర్భిణి గురించి ఇంకొక మాట చెప్పాలి. కవి రాబర్ట్ గ్రేవ్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫీసరు. 1929లో వచ్చిన తన ఆత్మకథలో ఒక సంగతి రాశాడు. రైఫిలు దుర్భిణిలోంచి చూస్తే సుమారు ఏడు వందల గజాల దూరాన ఒక జర్మన్ సైనికుడు స్నానం చేస్తున్నాడు. దిగంబరంగా ఉన్నవాణ్ణి కాల్చడం గ్రేవ్స్‌కు మనస్కరించలేదు. తుపాకి పక్కనున్న సార్జంటుకు ఇచ్చాడు. సార్జంటు కాల్చి చంపాడు. గ్రేవ్స్ చూడ్డానికి నిలబడలేదు. 1977లో మైకేల్ వాల్జర్ యుద్ధనీతిని గురించిన తన గ్రంథంలో ఇలాంటి ఘట్టాలను కొన్నిటిని చేర్చి చర్చించాడు. శత్రువు ఒక్కసారి మనలాంటి మనిషిగా కనబడితే చెయ్యి ఆడదని వాటి సారం. స్పెయిన్‌లో ఆర్వెల్ కూడా, పంట్లాం ఊడిపోకుండా పట్టుకుని పరిగెత్తుతున్న ఫాసిస్టు సైనికుణ్ణి కాల్చలేకపోయాడు.

నీతిశాస్త్రజ్ఞులకు ఇందులో మానవత్వం కనబడింది. నాకు సార్జంటు కనబడుతున్నాడు. సున్నితత్వం ఆఫీసరు వాటాకు వచ్చింది, పని సార్జంటు వాటాకు వచ్చింది. ఆత్మకథ రాసినవాడు ఆఫీసరు. సార్జంటు ఏమనుకున్నాడో మనకు తెలియదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. పక్కగురి పెట్టుకుని 2,800 గజాల దూరానికి పేల్చినవారెవరికీ ఈ ధర్మసంకటం రాలేదు, రావడానికి వీలులేదు. దుర్భిణి దాన్ని తెచ్చింది. మనిషిని దగ్గరకు తెచ్చి, చంపడం మరింత సులువు చేసి, మరింత కష్టమూ చేసింది. తుపాకి మీదనున్న గురి మారితే దాన్ని పట్టినవాడు జవాబు చెప్పుకోవలసిన సంగతి మారుతుంది. అందుకే ఏ తుపాకికి ఏ గురి ఉండేదో మనకు తెలియాలి.

మా కాలేజీలో చరిత్ర చెప్పే మిత్రుడు దీనికి నవ్వాడు. "అయితే పాత నాగళ్లన్నిటికీ మ్యూజియం కట్టిస్తావా? లక్షల రైఫిళ్లు చేశారు, ఒకటి తొలిస్తే ఏం పోయింది?" అన్నాడు. ఆయన ప్రశ్నకు నా వృత్తిలోంచే జవాబు చెప్పాను. తాళపత్రాలు కూడా వేలున్నాయి. ఒక కావ్యానికి పది ప్రతులుంటే పదిటిలోనూ లేఖకులు తలొక తీరుగా రాశారు. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి (కంపెనీ ఉద్యోగి అయినా ఈ ఒక్క పనికి ఆయనకు దణ్ణం పెట్టవచ్చు) ప్రతులు పోల్పించి, పాఠభేదాలు రాయించాడు. పరిష్కర్తకు తప్పు అనిపించిన పాఠాన్ని దిద్దే హక్కు ఉన్నది. తన దిద్దుబాటును తన ముద్రణలో వేసి, మూలపాఠాన్ని అడుగున చూపించాలి. అంతేగాని గంటం పట్టుకుని తాటాకునే గీకకూడదు. పది ప్రతులున్నాయి గదా అని ఒకదాన్ని గీకితే, ఆ ఒక్కదానిలోనే మిగిలివున్న పాఠం ఏదో గీకేవాడికి ముందుగా తెలియదు. పలక ఊడదీసి పీట పెట్టడం అడుగుసూచిక వంటిది. తొలవడం తాటాకు గీకడం.

బావకు ఇలాగే రాశాను. అద్దం కావాలంటే, యాభై అరవై ఏళ్ల కిందట అమెరికన్ వేటగాళ్లు కర్ర కోసి, గొట్టం తగ్గించి, బెజ్జాలు వేసి పెట్టిన పాత లీ-ఎన్‌ఫీల్డులు అక్కడ దొరుకుతాయి, వాటి చరిత్రే అది, వాటిలో ఒకటి తీసుకో, సేకరణకారులు వాటిని చీదరించుకుంటారు గనక చవక కూడా అన్నాను. ఇషాపూర్ తుపాకికే కావాలంటే తొలవకుండా పీట పెట్టుకో అన్నాను. "నా చత్వారానికి వర్గచరిత్ర మందు కాదురా," అని ఆయన మళ్లీ రాశాడు. మాటకు మాట బాగుంది. ఆదివారం పూట కాగితం మీద వలయాలను కాల్చే మనిషిని నేరస్థుడనే ఉద్దేశం నాకు లేదు. కాని ఎర్రచుక్కలోంచి ఆ కాగితం ఎంత స్పష్టంగా కనబడితే ఆ పరికరం దేనికి పుట్టిందో అంత మసకబడుతుంది. ఈ మాటకు ఆయన సమాధానం రాయలేదు.

చరిత్ర మిత్రుడు మాత్రం వదలలేదు. "తిరిగి పెట్టవచ్చుననడం మాటవరసకే. ఊడదీసిన పలక ఇరవై ఏళ్లు సొరుగులో పడివుంటే పోతుంది. బావ తరువాత వాళ్ల పిల్లలు తుపాకిని అమ్ముతారు, సొరుగును చెత్తలో వేస్తారు." ఈ మాటలో పస ఉన్నది. వెనక్కు తీసుకోగల మార్పు కూడా దానికి కాగితం లేకపోతే వెనక్కు తీసుకోలేని మార్పే అవుతుంది. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద పడి తుపాకులు తీసుకున్నప్పుడు, ఏమేమి తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని మన చరిత్ర పుస్తకాలు చెబుతాయి. సామ్రాజ్యం మీద యుద్ధం చేస్తున్నవాడు రసీదు ఇచ్చాడు. షికాగో పొట్లం మారుపేరుకు పోయింది.

ఊడదీసిన పలకనూ, దాని మేకునూ గుడ్డసంచిలో కట్టి తుపాకి పెట్టెలోనే ఉంచమనీ, ఏ తేదీన, ఎవరు, ఎందుకు తీశారో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, సంతకం చేసి అందులో వేయమనీ బావకు కిందటి వారం రాశాను. 1943లో ఇషాపూర్ చుట్టుపక్కల ఏమి జరిగిందో నాలుగు వాక్యాలు కలపమన్నాను. అవి నేనే రాసి పంపుతానన్నాను.